సవర ధ్వనులు, సవర భాషా కుటుంబం

సభకు నమస్కారం.

ఆగస్టు 29వ తేదీని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు 1863లో ఆ రోజున పుట్టారు కాబట్టి ఆ తేదీ మనకు పండుగ అయింది. ఇలాంటి సభల్లో గ్రాంథికానికీ వ్యావహారికానికీ జరిగిన పోరాటాన్ని తలచుకోవడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీని కాదనడం నా ఉద్దేశం కాదు గాని, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ ఆయన దశాబ్దాల పాటు చేసిన మరో పని గురించి, అంటే సవర భాష గురించి, ఈ పూట మాట్లాడదలచుకున్నాను. ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ప్రచురించింది. 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువు, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఈ మూడూ ఈనాటికీ ఆ భాష మీద పనిచేసేవారు మొదట తెరిచే గ్రంథాలు. తెలుగువాళ్లలో వాటి పేరు విన్నవారు చాలామంది ఉన్నారు, పుటలు తిప్పినవారు తక్కువ.

ముందుగా భాష ఎక్కడుందో చెప్పుకుందాం. మనం సవర అంటాం, వాళ్లు తమ భాషను సొర అంటారు. ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల కొండల్లోనూ, మన వైపు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ అది ప్రధానంగా వినిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ల కాలంలో తేయాకు తోటల పనికి వెళ్లినవారి సంతతి ద్వారా అస్సాంలోనూ నిలిచింది. 2011 జనగణనలో సుమారు 4 లక్షల 9 వేల మంది దీన్ని తమ మాతృభాషగా నమోదు చేయించుకున్నారు. ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రులను పేర్కొన్న వాక్యంలోనే పుండ్రులు, పుళిందులతో పాటు శబరులు కూడా ఉన్నారు. ఆ శబరులూ నేటి సవరలూ ఒకరేనని కచ్చితంగా చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలదు. అయినా ఒకే వాక్యంలో పక్కపక్కన నిలబడిన ఈ రెండు పేర్లలో ఒకదాని గురించి మనం ఎంత రాసుకున్నామో, రెండోదాని గురించి ఎంత తెలుసుకున్నామో లెక్క వేసుకుంటే తేడా తెలుస్తుంది.

కొండ మీద మాట్లాడే భాష ఏదైనా తెలుగుకో ఒడియాకో చెడిన రూపమని మైదానంలో ఇప్పటికీ ఒక నమ్మకం ఉంది. దాని కన్నా కొంచెం చదువుకున్న నమ్మకం, కొండ భాషలన్నీ ఒకే గుంపు అన్నది. రెండూ తప్పే. శ్రీకాకుళం నుంచి అరకు దాకా ఉన్న కొండల్లో 'కొండ' అనే పేరు గల భాష, కువి వంటివి ద్రావిడ భాషలు, అంటే తెలుగుకు చుట్టాలు. సవరకు తెలుగుతో ఇరుగుపొరుగు సంబంధమే తప్ప రక్తసంబంధం లేదు. గదబల విషయం మరీ విచిత్రం. గదబ అనే ఒకే పేరుతో పిలవబడే జనంలో కొందరు మాట్లాడే ఒల్లారి ద్రావిడ భాష, మరికొందరు మాట్లాడే గుతోబ్ ముండా భాష. పేరు చూసి వర్గీకరించేవారికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

మరి సవర ఏ కుటుంబానికి చెందింది? అది ముండా శాఖలోది. సంతాలి, ముండారి, హో, కోర్కూ, ఖరియా, జువాంగ్, రెమో మొదలైనవన్నీ ఆ శాఖలోవే. ఆ శాఖ ఆస్ట్రో-ఏషియాటిక్ అనే పెద్ద కుటుంబంలో భాగం. మేఘాలయలోని ఖాసీ, నికోబార్ దీవుల భాషలు, బర్మా, థాయిలాండ్‌లలోని మోన్, కంబోడియా రాజభాష ఖ్మేర్, వియత్నాం రాజభాష వియత్నమీస్ ఇవన్నీ అదే కుటుంబంలోవి. సీతంపేట కొండల్లో మాట్లాడే భాషకూ హనోయ్‌లో మాట్లాడే భాషకూ ఒకే మూలం ఉందంటే ఎవరైనా ఆధారం అడుగుతారు. అడగాలి కూడా. ఆ ఆధారం ఎక్కువగా ధ్వనుల్లో ఉంది, అందులోనూ మన తెలుగు చెవికి పట్టని, మన లిపిలో ఇమడని ధ్వనుల్లో ఉంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ఒక హెచ్చరికతో మొదలుపెడతాను. సవరలో 'నేను' అనడానికి 'ఞేన్' అంటారు. వినగానే తెలుగువాడికి ప్రాణం లేచి వస్తుంది, ఇది మన 'నేను'యే కదా అనిపిస్తుంది. కాదు. మన 'నేను' ద్రావిడ మూలం నుంచి తమిళ 'నాన్', 'యాన్', కన్నడ 'నాను'లతో కలిసి వచ్చింది. సవర 'ఞేన్'కు తోబుట్టువులు సంతాలి 'ఇఞ్', ముండారి 'అఇఞ్', ఖ్మేర్‌లో చనువుగానో కోపంగానో వాడే 'అఞ్'. ఆ పదానికి గుండెకాయ తాలవ్యమైన ఞ-కారం. మన చెవి దాన్ని మామూలు న-కారంగా దిద్దుకుంటుంది, దిద్దుకోగానే చుట్టరికం తారుమారవుతుంది. ఞ, ఙ అనే రెండక్షరాలను మన పిల్లలు ఓనమాలతో పాటు నేర్చి జీవితంలో మళ్లీ విడిగా రాయరు. సవరలో ఞ మాట మొదట్లోనే నిక్షేపంగా వస్తుంది, ఙ మాట చివర వస్తుంది. మనం పనిలేక అటక మీద పెట్టిన అక్షరాలు వాళ్లకు నిత్యం కావాలి.

రెండు పదాలు ఒకేలా వినిపించడం చుట్టరికానికి సాక్ష్యం కాదని, తేడా ఒక క్రమంలో ఉండడమే సాక్ష్యమని మనకు కన్నడంతో పోల్చుకుంటే సులువుగా తెలుస్తుంది. మన చెవి వాళ్లకు కివి, మన చెరువు వాళ్లకు కెరె, మన చెడు వాళ్లకు కెడు. మన పాలు హాలు, మన పులి హులి. ఒక పదంలో కాక వరసగా అనేక పదాల్లో ఒక ధ్వని ఉన్న చోట మరొకటి కనిపిస్తే దాన్ని ధ్వని అనురూపత అంటాం. భాషల వంశవృక్షం నిలిచేది దాని మీదనే.

ఇప్పుడు సవరను అదే గీటురాయి మీద గీసి చూద్దాం. బిడ్డను మోన్‌లో, ఖ్మేర్‌లో 'కోన్' అంటారు, వియత్నమీస్‌లోనూ దాదాపు అదే మాట. ముండారిలో అది 'హొన్'. సవరలో 'ఒ'ఒన్', మొదటి హల్లు పూర్తిగా పోయింది. ముండా శాఖ లోపలే క-కారం హ-కారం కావడానికి మరో సాక్ష్యం కావాలంటే, మనిషికి కోర్కూలో 'కోరో' అనీ ముండారిలో 'హొడొ' అనీ ఉంది. కన్నును సవరలో 'మడ్' అంటారు, ముండారిలో 'మేద్', ఖాసీలో 'ఖ్మత్', వియత్నమీస్‌లో ఎగసే స్వరంతో, అంటే గొంతును పైకి లేపుతూ, 'మత్'. ముక్కుకు సవరలో 'ము', ముండారిలోనూ 'ము', వియత్నమీస్‌లో 'ముయ్', ఖ్మేర్‌లో 'చ్రమొహ్'. కన్ను, ముక్కు, బిడ్డ వంటి మాటలను ఒక జాతి మరో జాతి దగ్గర అప్పు తెచ్చుకోవడం అరుదు. బియ్యం సంగతి ఇంకా ఆసక్తికరం. దంచిన బియ్యాన్ని సవరలు 'రుఙ్కు' అంటారు, ఖరియాలో 'రుఙ్కుబ్', ఖ్మేర్‌లో 'అఙ్కా'. ఈ కుటుంబం చీలక ముందే వాళ్లు వరి దంచుకుని తిన్నారని ఆ పదం చెబుతోంది.

నీటి విషయంలో అసలు చిక్కు మొదలవుతుంది. సవరలో నీటిని 'ద'అ' అంటారు. నేను రెండు అచ్చుల మధ్య పెట్టిన ఆ గుర్తు దగ్గర గొంతులోని స్వరతంత్రులు ఒక్క క్షణం పూర్తిగా మూసుకుని విడివడతాయి. ఇది మనకు అసాధ్యమైన ధ్వని కాదు. నోరు మూసుకుని 'కాదు' అనే అర్థంలో 'ఉఁ–ఉఁ' అంటాం చూడండి, ఆ రెండింటి మధ్య తెగిన చోట ఉన్నది అదే. మనం దాన్ని సైగకు వాడతాం, సవరలో అది క, త, ప లలాగే ఒక హల్లు. ఇప్పుడు ఇదే మాట సంతాలిలో 'దక్' అని ఉంటుంది. అయితే ఆ చివరి క-కారం గొంతు బిగించి, బయటికి విడవకుండా పలికేది. వియత్నాం కొండల్లోని బాహ్నార్ భాషలో అది నిండైన క-కారంతో 'దాక్'. వరస పెట్టి చూస్తే, నిండుగా పలికిన క, తర్వాత గొంతు బిగించి మింగేసిన క, చివరికి ఒట్టి గొంతు బిగింపు మాత్రమే, ఇలా ఒక ధ్వని మెట్లు దిగుతూ వచ్చింది. సవర మాటను మన అలవాటు ప్రకారం 'దా' అని రాసుకుంటే ఆ మెట్లన్నీ మాయమవుతాయి. నిజానికి మైదానం వాళ్లు తయారుచేసిన పాత పదపట్టికల్లో ఇలాంటి మాటలకు జరిగేది ఇదే.

ముండా భాషలన్నింటిలోనూ పదాంత స్పర్శాలకు, అంటే మాట చివర వచ్చే క, త, ప వంటి హల్లులకు, ఈ బిగింపు గుణం ఉంది. వెనక అచ్చు చేరితే బిగింపు సడలి అవి సరళాలుగా, అంటే గ, జ, డ, బలుగా వినిపిస్తాయి. తెలుగు అజంత భాష. మాట చివర హల్లు కనబడితే మనకు తోచదు, వెంటనే ఒక ఉ-కారం తగిలించి 'మడ్'ను 'మడు' చేస్తాం. అచ్చు తగలగానే బిగింపు పోతుంది. అంటే మనం వినే క్షణంలోనే సాక్ష్యాన్ని చెరిపేస్తున్నాం. గిడుగు వారి గొప్పతనం నాకు ఇక్కడ అన్నింటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. తెలుగు చెవితో పుట్టి, ఆ చెవి చేసే సవరణలను గుర్తుపట్టి, వాటిని పక్కన పెట్టి విన్నారు. సవర కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని జీవితచరిత్రలు చెబుతాయి. ధ్వనుల మీద పనిచేసేవాడికి అంతకన్నా పెద్ద నష్టం ఉండదు.

మిగతా హల్లుల గురించి క్లుప్తంగా చెబుతాను. సవర సొంత మాటల్లో ఖ, ఘ, ఛ వంటి మహాప్రాణాలు లేవు. జ-కారం ఉంది గాని దానికి జోడీ కావలసిన చ-కారం సొంత మాటల్లో లేదు, మూలంలో చ ఉన్న చోట సవరలో స వస్తుంది. కుక్కకు వియత్నమీస్‌లో 'చో' అంటే సవరలో 'కిన్సొడ్' అనడంలో ఆ మార్పు కనిపిస్తుంది.

అచ్చుల విషయంలో మాత్రం పండితులకు ఏకాభిప్రాయం లేదు. అ, ఇ, ఉ, ఎ, ఒ లకు తోడు, నోరు సగం తెరిచి నాలుకను ఎటూ కదపకుండా పలికే ఒక మధ్యమ అచ్చు ఉందని అందరూ ఒప్పుకుంటారు. ఆ పైన ఇంకా ఎన్ని ఉన్నాయన్నదే తగువు. ఇటీవల అస్సాం సవరల ఉచ్చారణను యంత్రాల మీద కొలిచినవారు మొత్తం ఆరు అచ్చులేనని తేల్చారు. ఆ మధ్యమాచ్చు ఎక్కువగా రెండక్షరాల మాటలో మొదటి అక్షరంలో బలహీనంగా వస్తుంది, ఊనిక రెండో అక్షరం మీద పడుతుంది. చిన్న అక్షరం ముందు, నిండైన అక్షరం వెనక అనే ఈ నడక ఖ్మేర్‌లోనూ ఉంది. తెలుగు మాట నడక ఇందుకు భిన్నం.

'కిన్సొడ్' మాట వచ్చింది కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే సవర భాష తన పురావస్తువులను ఎక్కడ దాచుకుందో ఇక్కడ తెలుస్తుంది. సవర నామవాచకాలకు సాధారణంగా రెండు రూపాలుంటాయి. విడిగా నిలిచేటప్పుడు నిండు రూపం, మరో మాటలో ఇమిడేటప్పుడు ఒకే అక్షరం గల పొట్టి రూపం. కుక్క విడిగా 'కిన్సొడ్', సమాసంలో 'సొడ్'. పులి విడిగా 'కినా', లోపల ఇమిడితే 'కిడ్'. ఈ పొట్టి రూపాలు క్రియలోకి కూడా దూరతాయి. గిడుగు వారు నమోదు చేసిన ప్రసిద్ధమైన మాట ఒకటి 'ఞమ్‌కిడ్తమ్'. ఇందులో 'ఞమ్' పట్టుకోవడం, 'కిడ్' పులి, 'త్' జరగబోయే కాలాన్ని చెప్పే ప్రత్యయం, 'అమ్' నిన్ను. మొత్తం కలిపి 'పులి నిన్ను పట్టుకుంటుంది' అనే వాక్యమంతా ఒకే క్రియ. కర్మను క్రియలో కలిపే భాషలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. పని చేసే కర్తను, అందులోనూ పులి వంటి కర్తను, క్రియ కడుపులో పెట్టుకునే భాషలు చాలా అరుదు. అందుకే వ్యాకరణ సిద్ధాంతాలు రాసేవారు ప్రపంచంలో ఎక్కడున్నా ఈ సవర మాటను ఉదాహరిస్తూ ఉంటారు.

మన విషయానికి ముఖ్యమైనది ఏమిటంటే, పోలికకు పనికివచ్చేవి ఈ పొట్టి రూపాలే. పట్టిక పట్టుకుని వెళ్లి 'కుక్కను ఏమంటారు' అని అడిగితే 'కిన్సొడ్' అంటారు, దాన్ని వియత్నాం 'చో' పక్కన పెడితే ఎవరికీ పోలిక కనబడదు. ముందున్న 'కిన్'ను విడదీసి, చివర చేరిన డ-కారాన్ని పక్కన పెట్టి చూస్తే మిగిలేది 'సొ'. స-చ అనురూపత అప్పుడు కళ్లకు కడుతుంది. వియత్నమీస్ మాటలోని ఎగసే స్వరం కూడా ఊరికే రాలేదు. పూర్వం పదాంతంలో ఉన్న గొంతు బిగింపు అరిగిపోతూ తన గుర్తుగా ఆ స్వరాన్ని మిగిల్చిందని ఫ్రెంచి భాషావేత్త ఓద్రికూర్ 1954లో వివరించాడు. సవరలో ఇంకా హల్లుగా బతికి ఉన్న గొంతు బిగింపు అక్కడ రాగంగా మారిందన్న మాట. ఒకే కుటుంబంలో వియత్నమీస్‌కు ఇలాంటి రాగస్వరాలు ఉండి సవరకు లేకపోవడం వర్గీకరణకు అడ్డంకి అని ఒకప్పుడు అనుకున్నారు. అదే ఇప్పుడు బలమైన రుజువుగా నిలిచింది.

వర్గీకరణ చరిత్రలో ఈ స్థితికి రావడానికి చాలా కాలం పట్టింది. 1854లో మాక్స్ ముల్లర్ ఈ భాషలను ద్రావిడ భాషల నుంచి విడదీసి ముండా అనే పేరు పెట్టాడు. 1866లో జార్జి కాంబెల్ కొలారియన్ అనే పేరు తెచ్చాడు, అది కొంతకాలం చెలామణీ అయి పోయింది, పోవడమే మంచిదయింది. 1906లో జర్మన్ పండితుడు విల్హెల్మ్ ష్మిట్ ముండాను, ఖాసీని, మోన్–ఖ్మేర్ భాషలను ఒక గొడుగు కిందికి తెచ్చి ఆస్ట్రో-ఏషియాటిక్ అన్నాడు. అదే సంవత్సరం గ్రియర్సన్ భారత భాషా పరిశీలన నాలుగో సంపుటంలో ముండా, ద్రావిడ భాషలను ఒకే పుస్తకంలో అచ్చువేశాడు. రెండూ ఒక అట్టల మధ్య ఉండడంతో రెండూ ఒకటేననే అపోహ కొందరిలో మిగిలిపోయింది. 1959లో జర్మన్ భాషావేత్త పిన్నో ఖరియా ధ్వనుల చరిత్ర రాస్తూ ముండా ధ్వనుల తులనాత్మక అధ్యయనానికి గట్టి పునాది వేశాడు.

ముండా భాషలు సుదీర్ఘ కాలం ద్రావిడ, ఇండో-ఆర్యన్ భాషల మధ్య ఉండడం వల్ల వాటి వాక్యం మన వాక్యంలాగే క్రియతో ముగుస్తుంది, ప్రత్యయాలు మాట వెనక చేరతాయి. ఖ్మేర్, వియత్నమీస్ వాక్యాల్లో క్రియ మధ్యలో ఉంటుంది. వాక్యం చూసి చుట్టరికం కట్టేవారు సవరను తెలుగు పక్కన కూర్చోబెడతారు. కానీ మాట లోపలికి వెళితే పాత ఇల్లు కనిపిస్తుంది. సవరలో 'జొమ్' అంటే తినడం, దాని ముందు 'అబ్' చేర్చి 'అబ్‌జొమ్' అంటే తినిపించడం. చేయించడాన్ని మాట ముందు చేర్చి చెప్పడం తెలుగుకు తెలియని పని, ఖ్మేర్‌కు తెలిసిన పని. మాట మధ్యలో న-కారాన్ని చొప్పించి పనిముట్టు పేరు చేయడం మరొకటి. సంతాలిలో 'జొక్' అంటే ఊడ్చడం, 'జొనొక్' అంటే చీపురు. మాటను చీల్చి లోపల ఇలా ధ్వనిని కూర్చడం అప్పుగా వచ్చే లక్షణం కాదు.

ముండా శాఖ లోపలి పంపకాల మీద వాదం ఇంకా తెగలేదు. సంతాలి, ముండారి, కోర్కూలు ఉత్తర ముండా అనే గట్టి గుంపు. మిగిలినవన్నీ కలిపి దక్షిణ ముండా అని చాలాకాలం అన్నారు. అది నిజమైన గుంపేనా, లేక ఉత్తరంలో లేనివాటిని ఒకచోట చేర్చిన పేరేనా అని భాషావేత్త గ్రెగొరీ ఆండర్సన్ క్రియారూపాల ఆధారంగా ప్రశ్నించాడు. నాకు ఆయన సందేహమే సబబుగా తోస్తుంది. సవరకు నిస్సందేహమైన దగ్గరి చుట్టాలు జురయ్, గోరుమ్ అనే రెండు భాషలు. ఇక ఈ శాఖ మన తీరానికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు, సుమారు 4 వేల ఏళ్ల నాడు ఆగ్నేయాసియా నుంచి సముద్రం మీద మహానది ముఖద్వారానికి చేరిందని భాషావేత్తలు ఫెలిక్స్ రౌ, పాల్ సిడ్వెల్ 2019లో ఒక ప్రతిపాదన చేశారు. ముండా పురుషుల జన్యువుల్లో ఆగ్నేయాసియా జాడ, మాతృవంశ జన్యువుల్లో స్థానిక జాడ ఎక్కువగా ఉన్నట్టు 2011లో వచ్చిన పరిశోధన దీనికి అనుకూలంగా ఉంది. ఒడ్డున ఎక్కడ దిగారన్నది మాత్రం భాషా శాస్త్రం ఒక్కటే తేల్చగలిగేది కాదు.

అంకెలు చెప్పకుండా సవర గురించి మాట్లాడటం అన్యాయం. అబొయ్, బాగు, యాగి, ఉంజి అని మొదలై లెక్క పదితో ఆగదు, 'మిగ్గల్' అంటే పన్నెండు దాకా వెళుతుంది. పదమూడు 'మిగ్గల్‌బొయ్', అంటే పన్నెండూ ఒకటి. ఇరవై 'బొకుడి'. ముప్ఫయి మూడు చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి అని మూడు ముక్కలు పేర్చాలి. రెండుకు సంతాలిలో 'బార్', మోన్‌లో 'బా', ఖాసీలో 'ఆర్' ఉన్నాయి కాబట్టి 'బాగు'లోని మొదటి అక్షరం పాత సొత్తే. పన్నెండుతో కట్టే ఈ లెక్క మాత్రం ముండా బంధువులందరిలోనూ కనబడేది కాదు.

చివరగా లిపి. 1936లో మంగెయ్ గొమాంగో సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని రూపొందించాడు. అందులో 24 అక్షరాలు, 18 హల్లులూ 6 అచ్చులూ. వరస స, త, బ అని మొదలవుతుంది, మన వర్ణమాల క్రమాన్ని అది అనుసరించదు. 2012లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. అదే 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, గిడుగు వారు ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. ఒకే ఏడాదిలో సవరలకు ఒక సొంత లిపి, వాళ్ల కొండల మధ్య ఒక రాష్ట్ర సరిహద్దు ఏర్పడ్డాయి. ఆ పర్యవసానంగా ఇటువైపు పిల్లలు తెలుగు లిపిలో, అటువైపు పిల్లలు ఒడియా లిపిలో, చర్చి పుస్తకాలు రోమన్ లిపిలో సవర చదువుతున్నారు. మన రాష్ట్రంలో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో సవర వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. తెలుగు లిపిలో రాయడం మీద నాకు అభ్యంతరం లేదు, మొదటి సవర పాఠ్యపుస్తకాలను గిడుగు వారే తెలుగు లిపిలో రాశారు. నా కోరిక చిన్నది. గొంతు బిగింపుకు ఒక గుర్తు, మధ్యమాచ్చుకు ఒక గుర్తు ఏర్పరచి, పదాంత హల్లుకు ఉ-కారం తగిలించకుండా పొల్లుతోనే అచ్చువేస్తే, బడిలో చదివే సవర పిల్లవాడికి ఇంట్లో విన్న మాటే పుస్తకంలో కనిపిస్తుంది. ఈ మూడింటికీ కొత్త ముద్రణాక్షరాలు పోయించనక్కర్లేదు, ఉన్న ఫాంటులోని గుర్తులు సరిపోతాయి.

సవరకు లక్షల మంది ఉన్నారు కాబట్టి ఈ దిద్దుబాట్లకు వ్యవధి ఉంది. దాని తోబుట్టువు గోరుమ్ పరిస్థితి అలా లేదు. కోరాపుట్ ప్రాంతంలో ఆ భాష వాళ్లు దేశియా అనే స్థానిక ఒడియా మాండలికంలోకి మారిపోతున్నారు. సవర మాటల్లో ఏ ధ్వని పాతదో, ఏది తర్వాత వచ్చిందో తేల్చడానికి అతి దగ్గరి సాక్షి గోరుమ్. కాబట్టి మీలో ఎవరైనా విద్యార్థులు ఈ రంగంలోకి రాదలిస్తే, సవర నేర్చుకున్నాక ముందుగా వెళ్లవలసింది గోరుమ్ మాట్లాడే పెద్దవాళ్ల దగ్గరికే. ప్రశ్నలుంటే అడగండి, ధ్వనులను మళ్లీ పలికి వినిపించమన్నా సంతోషంగా వినిపిస్తాను.